పెండ్లి బండిలో కొత్తపట్నం తీరానికి

నేను గద్వాలకు కోడలిగా వచ్చి పద్నాలుగేళ్లు. ఈ పద్నాలుగేళ్లలో మా మామ నన్ను మంచినీళ్లు కూడా అడిగి తాగలేదు. దాహమైతే తనే లేచి కుండ దగ్గరికి పోతాడు. అట్లాంటి మనిషి డిసెంబరులో కర్నూలు కంటి దవాఖాన నుంచి తిరిగొచ్చే బస్సులో కిటికీ వైపు మొహం పెట్టి, "అమ్మా పద్మా, ఒకసారి సముద్రం చూడాలె" అన్నాడు. నేను సరిగ్గా విన్నానా లేదా అని ఇంకోసారి అడిగాను. మళ్లీ అదే మాట అన్నాడు.

డాక్టరు చెప్పింది నీటికాసుల జబ్బు అని. ఎడమకన్ను అప్పటికే పూర్తిగా పోయింది. కుడికంట్లో చుట్టూ ఉన్న చూపు పోయి మధ్యలో కాస్త మిగిలింది. చుక్కల మందు వేస్తుంటే ఉన్నది కొన్నాళ్లు నిలుస్తుంది, పోయింది మాత్రం రాదు. ఎన్నాళ్లు అంటే డాక్టరూ చెప్పలేకపోయాడు. "ఎట్ల కనవడ్తది మామా?" అని నేనడిగితే, "కండె బొక్కలకెళ్లి చూసినట్టు ఉంటది బిడ్డా" అన్నాడు. కండె అంటే మగ్గం మీద నూలు చుట్టుకునే వేలెడంత గొట్టం. పొద్దుగూకితే ఆ మాత్రం కూడా ఉండదు. దీపాలు వేసినా గోడ పట్టుకునే నడుస్తాడు.

సముద్రమే ఎందుకు అంటారా? పెళ్లయిన కొత్తలో చీరలు నేయించే సేటు పంపితే చీరల మూట పట్టుకుని చీరాల పోయాడట. అక్కడికి సముద్రం దగ్గరేనని ఎవరో చెప్పారట. బస్సు పోతుందన్న భయంతో, మళ్లీ వచ్చినప్పుడు చూద్దాంలే అనుకుని వెనక్కి వచ్చేశాడు. మళ్లీ పోయిందే లేదు. మగ్గం గుంతలో దిగిన మనిషికి చీర తర్వాత చీర, అంతే.

ఆయన అడిగాక ఇంక నేను ఆగే మనిషిని కాను. గద్వాలలో నేను స్కూలు వ్యాను నడుపుతాను. నలభై మంది పిల్లల్ని రోజూ దించి ఎక్కించేదాన్ని, నలుగురు ఇంటి మనుషులను సముద్రానికి తీసుకుపోలేనా? బండి కోసం వనపర్తిలో మా తమ్ముడు శేఖర్‌కి ఫోన్ చేశాను. వాడి దగ్గర ఒక పాత టెంపో ఉంది. సీట్లు పీకేసి లోపల ఎదురెదురుగా రెండు పరుపు బల్లలు, గ్యాస్ పొయ్యి, పైన నీళ్ల ట్యాంకు, ఒక పక్క నిలువుటద్దం, దాని చుట్టూ బల్బులు పెట్టించాడు. పల్లెల్లో పెళ్లిళ్లకు పెళ్లికూతురు తయారవడానికి దాన్ని కిరాయికి ఇస్తాడు. బయట రెండు వైపులా 'శుభమస్తు' అని బంగారు రంగు అక్షరాలు. "మూడు రోజులు ఖాళీగనే ఉంటది, తీస్కపో అక్కా. గీతలు వడకుంట తేవాలె" అన్నాడు.

రోజు ఎంచుకోవడానికి మా ఇంట్లో పంచాంగం అక్కర్లేదు. అమావాస్య. నేతగాళ్ల ఇళ్లలో ఆ రోజు మగ్గం ముట్టరు. దవాఖాన అయినా, బ్యాంకు పని అయినా, చుట్టాల పలకరింపు అయినా అన్నీ అమావాస్యకే. జనవరి చివర్లో వచ్చే అమావాస్య ముందు రోజుకు మా ఆయన నేస్తున్న పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగులు, అయిపోతుంది, చీరలు కోసేయవచ్చు. కొత్త పడుగు అతికేలోపు మూడు రోజుల సందు దొరుకుతుంది. ఇంతకంటే మంచి రోజు ఉండదని ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నాం. అదే మేం చేసిన తప్పని అప్పుడు మాకేం తెలుసు.

ముందు రోజు మధ్యాహ్నం మూడు దాటాక గద్వాల బస్టాండులో ఎక్కాం. నేను, మా ఆయన నర్సింహులు, మామ, అత్తమ్మ, మా తొమ్మిదేళ్ల శ్రావణి. ఆడవాళ్లకు జీరో టికెట్టు కాబట్టి మగవాళ్లిద్దరికే డబ్బులిచ్చాం. "అందరు కల్సి యాడికి?" అన్నాడు కండక్టరు. "సముద్రానికి!" అని శ్రావణి బస్సంతా వినపడేట్టు అరిచింది. నేనేమో పిల్లకు జ్వరమని స్కూల్లో చెప్పి నాకూ దానికీ సెలవు పెట్టి వచ్చాను. వెనక సీట్లో మా స్కూలు పిల్లాడి తల్లి ఎవరైనా ఉన్నారేమోనని తల తిప్పి చూసుకున్నాను. బీచుపల్లి వంతెన మీద కృష్ణ కనపడగానే అత్తమ్మ కిటికీలోంచి రూపాయి బిళ్ల వేసి దండం పెట్టింది. అయిదున్నరకు వనపర్తి. ఆ రాత్రి తమ్ముడి ఇంట్లోనే పడుకున్నాం.

తెల్లారి నాలుగున్నరకు బయల్దేరాం. నా లెక్క ఇది: ఆరు కల్లా నాగర్‌కర్నూలు, ఏడుంపావుకు మన్ననూరు, అడవి దాటి, దోర్నాల, మార్కాపురం మీదుగా సాయంత్రం నాలుగుకు ఏదో ఒక రేవు. పొద్దుగూకేసరికి మామకు రెండు గంటల వెలుతురు మిగలాలి. ఈ లెక్క నేను అందరికీ రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెప్పబోతే మా ఆయన, "అర్థమైంది తల్లీ, నువ్వు తోలు" అన్నాడు. ఆయనకు మోటారు బండి ఎక్కితే కడుపులో తిప్పుతుంది. నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుని నా పక్క సీట్లో కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

ఆరున్నరకు తెలకపల్లిలో చాయ్. పల్లి చేల మీద మంచు పరుచుకుని ఉంది. చాయ్ దుకాణం అతను బండి చుట్టూ తిరిగి చూసి, "ఎవరి పెండ్లి?" అన్నాడు. అప్పటి నుంచి ప్రతిచోటా అదే ప్రశ్న. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర అటవీశాఖ మనిషి లోపలికి తొంగిచూసి ప్లాస్టిక్ సీసాలున్నాయా అని వెతికాడు. తర్వాత అద్దాన్ని, బల్బులను చూసి నవ్వాడు. "పెండ్లికూతురు యాడ మరి?" అన్నాడు. మేం ఏదో చెప్పేలోపే మామ చేయి చాపి అత్తమ్మను చూపించి, "గిదే" అన్నాడు.

అత్తమ్మ మొహం ఎర్రబడిపోయింది. "సిగ్గు లేదా ఈ ముసలోనికి!" అని పక్కన ఉన్న రొట్టెల మూట ఎత్తి కొట్టబోయింది. అటవీ మనిషి రసీదు కోస్తూ కోస్తూ నవ్వాడు. శ్రావణి కడుపు పట్టుకుని బల్ల మీద పడి దొర్లింది. మామ జోకు వేయగా నేను చూడటం అదే మొదలు.

అడవిలో తొందర పనికిరాదు. మలుపులు, కోతులు, ఎదురొచ్చే బస్సులు. ఘాట్ రోడ్డు దిగుతుంటే మా ఆయన రెండుసార్లు, ఆయన్ని చూసి శ్రావణి ఒకసారి వాంతి చేసుకున్నారు. కృష్ణ మీది ఆనకట్ట దాటేసరికి తొమ్మిదీ నలభై. అయిదు నిమిషాలు కూడా ఆలస్యం కాలేదు. నన్ను నేనే మెచ్చుకుంటున్నాను. అప్పుడు వెనక నుంచి అత్తమ్మ గొంతు: "గుడి తొవ్వ పట్టు పద్మా."

"గుడా? ఇప్పుడా?"

"మల్లన్న పక్కపొంటి పోతూ దండం పెట్టకుంట పోతమా? ఆయన కండ్ల కోసమే గదా పోయేది. దేవునికి చెప్పకుంట పోతే ఏం ఫాయిద?"

"అత్తమ్మా, ఇయ్యాల అమాస. జనం ఎట్లుంటరో ఎరికేనా? లైన్ల నిలవడితే మధ్యాహ్నం అయితది. పొద్దుగూకితే మామకు ఏం కనవడదు. చెప్తే ఎందుకు తెల్వదు మీకు?" నా గొంతు పెద్దదని నాకూ తెలుసు. బడిపిల్లల్ని అదిలించే గొంతు అది. అద్దంలో చూస్తే అత్తమ్మ గుడి తొవ్వ వైపే మొహం పెట్టి కూర్చుంది. మామ నా భుజం వైపు చేయి చాపి, "పోనియ్ బిడ్డా. ఆమె మనసుల వడ్డది" అన్నాడు. నేను పళ్లు కొరుక్కుంటూ బండి కొండ వైపు తిప్పాను.

అనుకున్నంతా అయింది. దర్శనం చేసుకుని బయటపడేసరికి ఒంటిగంట. దోర్నాల దిగేసరికి రెండుంపావు, మార్కాపురం మూడు. జొన్న రొట్టె, పల్లికారం బండిలోనే తిన్నాం. నేను ఒక చేత్తో రొట్టె చుట్ట పట్టుకుని తిన్నాను. అత్తమ్మతో మాట్లాడలేదు. పొదిలిలో డీజిల్ పోయించుకుంటూ చీరాల ఇంకెంత దూరమని అడిగితే, అక్కడి కుర్చీలో కూర్చున్న పెద్దాయన, "చీరాల దాకా ఎందుకమ్మా, చీకటి పడిపోద్ది. ఒంగోలు కాడ కొత్తపట్నం ఉండాది గందా, అరగంటలో సముద్రం" అన్నాడు. చీరాలే కావాలా అని మామను అడిగాను. "సముద్రం ఒక్కటే గదా" అన్నాడు.

ఒంగోలు అయిదుంపావు. ఊళ్లో రద్దీ. ప్రతి బండి వెనకా హారన్ కొట్టాను. అద్దంలో మామ కనపడుతున్నాడు. ఒక కన్ను మూసి, రెండో కన్ను కిటికీకి ఆనించి, బయట వెలుగు ఎంత ఉందో చూసుకుంటున్నాడు. కొత్తపట్నం తీరంలో బండి ఆపేసరికి ఆరు దాటి అయిదు నిమిషాలు. మా వెనక పడమట సూర్యుడు అప్పుడే దిగిపోయాడు. మాకు కాస్త వెలుతురు ఉంది. నీళ్లు బూడిద రంగులో కనపడుతున్నాయి, నురుగు తెల్లగా కనపడుతోంది.

మామను చేయి పట్టుకుని దింపాను. ఇసుకలో నాలుగడుగులు వేసి, "వచ్చినమా?" అన్నాడు.

"వచ్చినం మామా. ఎదురుంగనే ఉంది."

తల ఎత్తి, దించి, కుడికి, ఎడమకు తిప్పి వెతికాడు. తెగిన పోగు కొస వెతికేటప్పుడు అట్లాగే చూస్తాడు. "చప్పుడు మస్తుగుంది" అన్నాడు. కాసేపటికి, "అంత నల్లగనే ఉంది బిడ్డా. ఏం కనవడ్తలేదు" అన్నాడు.

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. నాకు ఏడుపు వస్తే అది కోపంగానే బయటికి వస్తుంది. వెనక్కి తిరిగి, "ఇప్పుడు సంబురమైందా అత్తమ్మా?" అన్నాను. ఆ మాట అన్న మరుక్షణమే నా నాలుక కోసుకోవాలనిపించింది. అత్తమ్మ బండిలోకి ఎక్కి బియ్యం కడగడం మొదలుపెట్టింది.

ఇక మర్నాడు పొద్దునే గతి. ఏం చేస్తే బాగుంటుందా అని ఆలోచించి నేనొక గొప్ప ఉపాయం పన్నాను. బండిని నీళ్లకు దగ్గరగా, గట్టి ఇసుక మీద, తలుపు సముద్రం వైపు ఉండేట్టు పెడితే, తెల్లారగానే మామ పరుపు మీంచి లేవకుండానే చూడవచ్చు. ఒక్క నిమిషం వెలుగు కూడా వృథా కాదు. ఇసుక రోడ్డులాగా గట్టిగా ఉంది. నీళ్లు ఇరవై అడుగుల దూరంలో ఉన్నాయి. ఇంజను ఆపి, చక్రాల కింద రాళ్లు పెట్టి, చేతులు దులుపుకున్నాను.

ఏడుంపావుకు అన్నం తింటున్నాం. మామ మాత్రం తలుపు మెట్టు మీద కాళ్లు కిందికి వదిలి కూర్చుని ఉన్నాడు. హఠాత్తుగా, "పద్మా, ఎవరు నీళ్లు గుమ్మరించిండ్రు?" అన్నాడు. వంగి చూస్తే నీళ్లు! ఆయన పాదాల కింద నుంచి బండి కిందికి జరజరా పోతున్నాయి. ఒక అల పోయి ఇంకో అల వచ్చేసరికి చక్రం సగం తడిసింది. నేను దూకి ఇంజను వేశాను. వెనక చక్రాలు తిరిగినచోటే తిరిగి ఇసుకలోకి దిగిపోయాయి.

"ఓ బండోళ్లో! ఎవురమ్మా మీరు, ఏ ఊరు? అమాస నాడు నీళ్ల కాడ బండి పెడతారా ఎవురన్నా?" టార్చి పట్టుకుని ఒక ఆవిడ పరిగెత్తుకొచ్చింది. పోలమ్మ. ఒడ్డునే వాళ్ల ఇల్లు, చేపల వేట. మేం ఎవరమో చెప్పేలోపే తన భర్తను కేకేసింది. ఆయన పడవలు లాగే ట్రాక్టరు తెచ్చాడు. ఇంకో నలుగురు వచ్చారు. మా ఆయన మోకాలి లోతు నీళ్లలో నిలబడి, మొట్టమొదటిసారి కడుపు సంగతి మర్చిపోయి, తాడు కట్టాడు. శ్రావణిని, అత్తమ్మను ఒడ్డు పైకి పంపాను. మామ దిగనన్నాడు. మెట్టు పట్టుకుని, కాళ్లు నీళ్లలో పెట్టి కూర్చుని నవ్వుతున్నాడు. "చూడనీకి నేనస్తే, నా కాళ్ల కాడికి అదే వచ్చె గదనే!" అంటున్నాడు. నేను ఆయన్ని ఎత్తి దించుదామా, తిట్టుదామా అని ఒక్క క్షణం తేల్చుకోలేకపోయాను. మా ఆయన వచ్చి వీపు మీద ఎక్కించుకుని తీసుకుపోయాడు.

ట్రాక్టరు నాలుగు గుంజులు గుంజేసరికి బండి బయటపడింది. సరుగుడు చెట్ల పక్కన ఎత్తు మీద పెట్టించారు. 'శుభమస్తు' నిండా బురద. తమ్ముడి మొహం కళ్ల ముందు కనపడింది.

"అమాసకి పున్నానికి పోటెక్కువ తల్లీ. పసిపిల్లోళ్లకి కూడా తెలుసు. ఏం చూసుకోని వచ్చారు?" అంది పోలమ్మ.

"మాకు అమాసకు మగ్గం సెలవు. అందుకని వచ్చినం" అన్నాను. అంతకంటే తెలివైన జవాబు నా దగ్గర లేదు. పోలమ్మ ఒక నిమిషం నా మొహం చూసి, గట్టిగా నవ్వి, చేపల కూర గిన్నె తెచ్చి పెట్టింది. అమావాస్య పూట నీసు ముట్టమని అత్తమ్మ మొహమాటపడుతూనే, "దాచిపెట్టు చెల్లె, పొద్దుగాల తింటం" అంది. కూర వాసన బాగా వస్తోంది మరి.

పడుకోబోయే ముందు అత్తమ్మ మామ కంట్లో చుక్కలు వేసింది. ఆయన కళ్లు మూసుకున్నాక నేను ఆమె పక్కన కూర్చుని, "సాయంత్రం గట్ల అనకపోయేదుండె అత్తమ్మా. నాదే తప్పు" అన్నాను.

"నీ తప్పేం లేదు. లేటు చేసింది నేనే గదా." సీసా మూత బిగించింది. "ఏనాడు ఏదీ అడగని మనిషి అడిగిండు పద్మా. ఆఖరుది అన్నట్టు అడిగిండు. అది గూడ చూసినంక, ఇగ చాలు అని కండ్ల మీద ఆశ ఇడుస్తడేమో అని భయమైంది. అందుకే ముందుగాల దేవుని కాడికి పోదమన్న." నేను ఆమె చేయి పట్టుకున్నాను. రాట్నం మీద కండెలకు నూలు చుట్టీ చుట్టీ ఆ బొటనవేలు గరుకుగా ఉంటుంది.

ఆరూ ముప్పావుకు సూర్యుడు నీళ్లలోంచి లేచాడు. ఈసారి మేం సిద్ధంగా ఉన్నాం. మామను పోలమ్మ ఇంటి నుంచి తెచ్చిన కుర్చీలో, నీళ్లకు తగినంత దూరంలో కూర్చోబెట్టాను. దూరం కొలిచింది పోలమ్మ, నేను కాదు. ఆకాశంలో మబ్బు తునక లేదు. "కనవడ్తుందా మామా?" అంటే, "ఆఁ, వెలుగు మంచిగుంది" అన్నాడు. నా గుండెల మీంచి పెద్ద బరువు దిగింది. ఆయన్ని ఆయన మానాన వదిలేసి శ్రావణి వెంట నీళ్లలోకి దిగాను.

అత్తమ్మ ఒడ్డునే నిలబడింది. చీర తడుస్తుందని ఒకసారి, చలి అని ఒకసారి, ఈ వయసులో ఏందని ఒకసారి. శ్రావణి ఆమె రెండు చేతులూ పట్టుకుని లాగింది. మడమల దాకా వచ్చింది, మోకాళ్ల దాకా వచ్చింది. ఇక చాలు అనబోతుండగా ఒక పెద్ద అల వచ్చి ఆమెను కుదేసింది. నేను "అత్తమ్మా!" అని పరిగెత్తాను. చూస్తే ఆమె నీళ్లలో చతికిలబడి, జుట్టు విడిపోయి, నోటి నిండా ఉప్పునీళ్లతో, పగలబడి నవ్వుతోంది. మా అత్తమ్మ నవ్వితే చేయి అడ్డం పెట్టుకుంటుంది. ఆ రోజు చేతులు రెండూ ఇసుకలో కూరుకుపోయి ఉన్నాయి. నేను లేపబోతే, "ఉండు, ఉండు, ఇంకోటి వస్తది" అంది. ఎనిమిదిన్నర దాకా బయటికి రాలేదు. మా ఆయన కూడా దిగాడు. కుర్చీలో మామ కదలకుండా, తల కొద్దిగా ముందుకు వంచి చూస్తూనే ఉన్నాడు. ఇంత తృప్తిగా సముద్రం చూసిన మనిషిని నేనెక్కడా చూడలేదనుకున్నాను.

పోలమ్మ కూర వేడి చేసుకుని తిని, తొమ్మిదింటికి బయల్దేరాం. గద్వాల నుంచి ఒక చీర తెస్తే బాగుండేదని అత్తమ్మ బాధపడింది. పోలమ్మ చిరునామా రాసుకున్నాం. వచ్చిన దారినే, ఈసారి గుడి వైపు తిరగకుండా, సాయంత్రం నాలుగున్నరకు మన్ననూరు చేరాం. మీరూ ఈ దారిన వెళ్లదలుచుకుంటే నా మాట వినండి. అడవి గేటు ఉదయం తెరవగానే దాటండి. కడుపు తిప్పేవాళ్లను ముందు సీట్లో కూర్చోబెట్టండి. సాయంత్రం కాకుండా ఉదయాన్ని నమ్ముకోండి. అమావాస్యకు, పౌర్ణమికి మాత్రం బండిని ఇసుక మీదికి దించకండి. పల్లెవాళ్లను అడగకుండా తీరంలో ఒక్క అడుగు కూడా బండిని కదపకండి. ఇంతకు మించి నాకు తెలిసిన జాగ్రత్తలు లేవు.

తెలకపల్లి దాటాక అయిదున్నర. ఎదురుగా పడమట ఎండ పల్లి చేల మీద పచ్చగా పడుతోంది. వెనక బల్లల మీద ఎదురెదురుగా మామ, అత్తమ్మ. మధ్యలో శ్రావణి కూర్చుని గవ్వలు లెక్కపెడుతోంది.

"తాతా, నాకు సముద్రం ఒడ్డుకాడ మట్టి రంగుల ఉండె, దూరంగ నీలం ఉండె. నీకే రంగుల కనవడ్డది?"

"నాకు తెల్వదు బిడ్డా" అన్నాడు మామ.

నేను బ్రేకు వేశాను. గిన్నెలు దొర్లిపోయాయి. బండి రోడ్డు పక్కకు తీసి, ఆపి, వెనక్కి తిరిగాను. "తెల్వదా? మామా, రెండు గంటలు కూసున్నరు! వెలుగు మంచిగుంది అన్నరు! అంత దూరం తోలుకపోతే, సముద్రం చూడలేదా మీరు?"

"కోపం చెయ్యకు బిడ్డా" అన్నాడు. "చూద్దామనే కూసున్న. మొదలు జరసేపు నీళ్లు గూడ చూసిన. గంతలనే ఈమె నీళ్లల్ల వడ్డది. ఏమైందో అని ఇటు చూసిన. నవ్వుతుండె." వేళ్లు చుట్టి కండె అంత బొక్క చేసి చూపించాడు. "ఉన్నది గింత కంత. ఆడ పెడితే ఈమె కనవడది. ఈమె మీద పెడితే సముద్రం కనవడది. రెండు వట్టవు."

మా ఆయన ముక్కు దగ్గరి నిమ్మకాయ తీసేసి వెనక్కి తిరిగాడు.

"నలభై ఏండ్లు మగ్గం గుంతల కూసుంటి. నా ముంగట చీర. ఈమె రాట్నం నా ఈపెనక. రాట్నం చప్పుడును బట్టి ఈమెకు పానం మంచిగుందా లేదా చెప్తుంటి. మొఖం చూసుడు యాడిది? పొద్దువోయేదాక చీరనే చూస్తి. ఈమె గట్ల నోరు తెరిచి నవ్వుతదని నాకేం తెలుసు? మళ్ల కన్ను తిప్పబుద్ధి కాలే."

అత్తమ్మ కళ్ల నిండా నీళ్లు. "పిచ్చోనివా ఏంది నువ్వు! అంత దూరం వొయ్యి... కోడలు పానం పెట్టి తోలుకపోతే... ఈ ముసలి మొఖం చూసుకుంట కూసుంటివా? సముద్రం మళ్ల దొరుకుతదా నీకు?" కొంగు తీసి మొహం మీద కప్పుకుంది.

"కొంగు తియ్యి" అన్నాడు మామ. "ఇంక పొద్దున్నది."

కాసేపటికి ఆమె తీసింది. ఎండ కిటికీలోంచి నేరుగా ఆమె మొహం మీద పడుతోంది. ముందు రోజంతా ఆ పొద్దుతో పందెం వేసుకుని బండి తోలిన దాన్ని నేను. తాళం తిప్పి ఇంజను ఆపేశాను. నాగర్‌కర్నూలు అక్కడికి ఎంతో దూరం లేదు. తమ్ముడు రెండుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. పొద్దుగూకేదాకా బండిని అక్కడే, రోడ్డు పక్కనే ఉంచాను.